బతికున్న మనిషికి ఫ్లెక్సీ

ముసలితనం మొదటిసారి నా మీదికి వచ్చినప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. మా ఊరి మిషన్ బడిలో క్రిస్మస్ నాటకం వేస్తూ నాకు ముసలమ్మ వేషం ఇచ్చారు. నాన్న ఆ బళ్ళోనే మాస్టారు కాబట్టి సిఫార్సు అనుకునేరు, అదేం కాదు. అంత గట్టిగా అరవగలిగే పిల్ల ఇంకొకతి దొరకలేదు. తలకి అంటించడానికి పత్తికేం కరువు? చిలకలూరిపేట చుట్టుపక్కల ఊళ్ళలో తీతలు మొదలయ్యాయంటే ఏ ఇంటి ముందుగదిలో చూసినా అటక దాకా పత్తే. మనుషులే పక్కకి జరిగి దానికి చోటిచ్చేవాళ్ళు. పెద్దలు చూడనప్పుడు మేం ఆ గుట్ట మీదికి దూకి మెడ దాకా మునిగిపోయేవాళ్ళం. దొరికితే వీపు విమానం మోత మోగేది. ఆ పత్తిలోంచే కాస్త తెచ్చి, గంజి పూసి, నా జుట్టంతా తెల్లగా చేశారు.

నేను చెప్పాల్సింది ఒక్క మాట. కర్ర పట్టుకుని వెళ్ళి, బాలుణ్ణి చూసి, కళ్ళు చల్లబడ్డాయి అనాలి. నేను ఆ ఒక్కటీ చెప్పి ఊరుకోలేదు. మోకాళ్ళు పట్టేశాయన్నాను, కోడళ్ళు అన్నం పెట్టడం లేదన్నాను, గొర్రెల కాపరులుగా నిలబడ్డ మగపిల్లల్ని పనీపాటా లేదా అని తిట్టాను. చాపల మీద కూర్చున్న జనం పడీ పడీ నవ్వారు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ తర్వాత గంజి ఎండిపోయి పత్తి ఊడి రాకపోతే, వేణ్ణీళ్ళు పోసి పీకుతూ, "చూశావా, ముసలితనంతో వేళాకోళం ఆడితే ఇలాగే పట్టుకుంటుంది" అంది.

అమ్మ మిరపకోతలకి వెళ్ళేది. కోసిన కాయలు కల్లాల్లో ఎండబోస్తే ఊరి చుట్టూ నేల కనిపించేది కాదు, అంతా ఎరుపే. గాలి ఇటు తిరిగిందంటే ఊరు ఊరంతా ఒక్కసారి తుమ్మేది. బళ్ళో ప్రార్థన మధ్యలో ఆమెన్ కంటే ముందు తుమ్ములు వినిపించేవి. ఆ రోజుల్లో అమ్మ మమ్మల్ని ముట్టుకునేది కాదు. ఎంత కడిగినా, ఎంత ఆముదం రాసినా వేళ్ళ మంట పోదు. ఆ చేత్తో పిల్లల మొహం తుడిస్తే ఇంకేమైనా ఉందా! అందుకని మిరపకాయల కాలంలో నాకు జడలు నాన్న వేసేవాడు. ఒకటి చెవి పైన, ఒకటి మెడ కింద. అమ్మ అరుగు మీద దూరంగా కూర్చుని, రెండు చేతులూ మజ్జిగ గిన్నెలో పెట్టుకుని, "ఎడమ పక్కది జారింది మాస్టారూ, మళ్ళీ వెయ్యండి" అంటూ పురమాయించేది. నాన్న మళ్ళీ వేసేవాడు. ఈసారి కుడిపక్కది జారేది. బడికి బయలుదేరి వీధి మలుపు తిరిగేదాకా అమ్మ చూపు నా వీపు మీద ఉన్నట్టు తెలిసేది. చేతులు పనికిరాని ఆ నెలల్లో మమ్మల్ని కళ్ళతోనే పెంచింది.

అలాంటి అమ్మ, నాకు జబ్బు చేశాక నా మొహం చూడ్డం మానేసింది. నేను చెప్పదలుచుకున్నది దాని గురించే.

యాభై దాటిన ఏడాది నాకు రొమ్ములో గడ్డ కనిపించింది. గుంటూరులో ఆపరేషను, తర్వాత కీమో, ఆ తర్వాత రేడియేషను. ఆ వివరాలన్నీ చెప్పను. వినేవాళ్ళకి ఉత్సాహంగానే ఉంటుంది గానీ చెప్పేదానికి విసుగు. కీమో రోజుల్లో నోరంతా పూసి, చప్పటి పెరుగన్నం తప్ప ఏదీ మింగుడుపడలేదని మాత్రం చెప్పి తీరాలి. మిరపకాయల మధ్య పుట్టి పెరిగిన మనిషికి ఇంతకంటే అవమానం ఏముంటుంది? నా ముందు పచ్చడి కలుపుకోవడానికి మొహం చెల్లక మా ఆయన కంచం పట్టుకుని పెరట్లోకి వెళ్ళి, నీళ్ళ ట్యాంకు చాటున నిలబడి తినేవాడు. వాసన నా మంచం దాకా వచ్చేది.

"ఏమండీ, గోంగూరా?" అని కిటికీలోంచి అరిచేదాన్ని.

"కాదు, పప్పే."

"పప్పుకి అంత ముక్కు ఎగబీలుస్తారా?"

ముక్కు ఇంకోసారి ఎగబీల్చి, "జలుబు చేసింది" అనేవాడు.

నా జుట్టు ఊడటం మొదలవగానే అమ్మ ఊళ్ళో ఇంటికి తాళం వేసి చిలకలూరిపేటలో మా దగ్గరికి వచ్చేసింది. నాన్న పోయి చాలా ఏళ్ళయింది, అక్కడ ఆవిణ్ణి ఆపేవాళ్ళు ఎవరూ లేరు. వచ్చి వండింది, ఉతికింది, నా కాళ్ళు పట్టింది. చెయ్యగలిగిందంతా చేసింది గానీ నా వైపు చూడదు. నాతో మాట్లాడాలంటే గోడతో మాట్లాడేది, లేకపోతే నా చేతిలో గ్లాసుతో. ఉక్కపోసి తల మీద గుడ్డ తీశానంటే, తన కొంగు తెచ్చి నా గుండు మీద కప్పి, తల అటు తిప్పుకునేది. జుట్టొస్తే అన్నీ సర్దుకుంటాయనుకున్నాను.

జుట్టొచ్చింది. మొత్తం తెల్లగా, పైగా ఉంగరాలు తిరిగి వచ్చింది. పుట్టినప్పటి నుంచీ గడ్డిపరకల్లాంటి జుట్టుతో వేగినదాన్ని, నాకు పండగలా ఉంది. అద్దం ముందు నిలబడి వేళ్ళు పెట్టి తిప్పుకునేదాన్ని. అమ్మకి ఎనభై దగ్గరపడుతున్నాయి, ఆవిడ తలలో ఇప్పటికీ నలుపే ఎక్కువ. నా తలలో వెతికినా ఒక్క నల్ల వెంట్రుక లేదు. ఒకరోజు మధ్యాహ్నం అమ్మ బజారుకెళ్ళి హెయిర్ డై పెట్టె కొనుక్కొచ్చి నా ఒళ్ళో పడేసింది.

"ఎవరికిది?"

"నీకే. వేసుకో."

"నాకెందుకే? నాకు బాగానే ఉంది."

"నీకు బాగుంటే సరా? నా సంగతేంటి?"

"నీకేమైంది?"

అమ్మ కిటికీ చువ్వల వంక చూస్తూ చెప్పింది. "నేనుండగా నువ్వు నాకంటే ముందు ముసలిదానివైపోతే, ముందు ఎవర్ని తీసుకెళ్ళాలో పైవాడు తికమకపడడూ?"

నవ్వబోయాను. అమ్మ నవ్వలేదు. నేను జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పేదాన్ని, నోరు ఊరుకోదు. "పైవాడు జుట్టు చూసే తీసుకెళ్ళేటట్టయితే, రంగేసుకునే సినిమావాళ్ళు ఒక్కరూ పోకూడదే!" అన్నాను. "నీతో వాదించి గెలిచినవాళ్ళు లేరులే" అంటూ అమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయింది. అవును, గెలిచాను. డై పెట్టె అలమరాలోకి పోయింది. అమ్మ మాత్రం ఆ రాత్రి కూడా నా కంచంతోనే మాట్లాడింది.

నాకు కావలసింది పెద్ద కోరికేం కాదు. అమ్మ ఉండగా, నా ఈ మొహాన్ని, ఈ ముడతల్ని, ఈ తలని ఒక్కసారి తిన్నగా చూడాలి. డై వేసుకుంటే చూస్తుంది, నాకు తెలుసు. అప్పుడు ఆవిడ చూసేది జబ్బు రాకముందు మనిషిని. ఆ మనిషి ఇక లేదు. ఉన్నదాన్ని నేను.

ఆ మాటే డాక్టరుగారు ఇంకోలా అన్నారు. ఇక ఆర్నెల్లకోసారి వచ్చి చూపించుకుంటే చాలన్నారు. మావాళ్ళలో ఒక పద్ధతుంది, పెద్ద జబ్బు నుంచి బయటపడితే ఇంటి దగ్గర కృతజ్ఞతా కూటం పెట్టాలి. షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, పాటలు, పాస్టరుగారి వాక్యం, బయటపడ్డ మనిషి సాక్ష్యం, చివర్న బిర్యానీ. సాక్ష్యమంటే, దేవుడు తనని ఎలా కాపాడాడో లేచి నిలబడి నలుగురికీ చెప్పడం. చెబుతూ ఏడవాలి. ఏడవాలని ఎక్కడా రాసిలేదు గానీ, ఏడవకపోతే సాక్ష్యం సరిగ్గా రాలేదని బిర్యానీ దగ్గర చెప్పుకుంటారు.

"ఐదు నిమిషాలు చెప్పండి మేడం, చాలు" అన్నారు పాస్టరుగారు.

"నేను ఏడవనండి."

"అది దానంతటదే వస్తుందమ్మా."

"నాకు నవ్వొస్తుందండి. ఫర్వాలేదా?"

ఆయన నన్ను చాలా కాలంగా ఎరుగును. "నవ్వండమ్మా, ఎవరు కాదన్నారు? అన్నం చల్లారేలోపు ముగించండి, అంతే" అన్నారు.

ఇప్పుడు మా పేటలో ఫ్లెక్సీ లేకుండా ఏ పనీ జరగదు. పుట్టినరోజుకీ ఫ్లెక్సీ, పెళ్ళికీ ఫ్లెక్సీ, చావుకీ ఫ్లెక్సీ. కూటానికి కూడా కట్టించాలని మా ఆయన పట్టుబట్టాడు. పెరట్లో నన్ను నిలబెట్టి సెల్‌ఫోన్లో ఫోటో తీశాడు. ఆయన కెమెరాకి తన వేలే అడ్డం పెట్టుకున్నాడని నేను నవ్వుతుంటే పడిన ఫోటో అది. తెల్ల జుట్టు, కళ్ళజోడు, కళ్ళ కింద ముడతలు, అన్నీ ఉన్నాయి. నాకు తెగ నచ్చింది.

అమ్మ ఆ ఫోటో చూడనే లేదు. ఫోను తిప్పి ఇచ్చేసి, "ఇది వద్దు అల్లుడుగారూ, పెళ్ళప్పటిది వేయించండి" అంది.

"పెళ్ళి ఫోటో వేస్తే పెళ్ళనుకుని వస్తారమ్మా" అన్నాను.

"వస్తే రానీ, నా పరువు పెరుగుతుంది" అన్నాడు మా ఆయన. ఫోటో మాత్రం నేను చెప్పిందే పంపాడు. కూటం రోజు, చోటు, అందరూ ఆహ్వానితులే అన్న మాటా రాసి పంపాడు. షాపతను డిజైను చేసి, ఒకసారి చూసుకోండి సార్ అని ఫోన్లో తిరిగి పంపితే, ఈ మహానుభావుడు కళ్ళజోడు లేకుండా చూసి, బ్రహ్మాండం అని జవాబిచ్చాడు. కూటం రోజు తెల్లవారగానే వాళ్ళే వచ్చి మా వీధి మొదట్లో, బస్సులు ఆగే చోట కట్టి వెళ్ళారు.

నేను వాకిట్లో షామియానా వాళ్ళతో గొడవపడుతున్నాను. ఎండ పడే పక్క వదిలేసి, పడని పక్క పరదా కట్టారు. ఇంతలో వీధి మొదట్నుంచి ఏడుపు వినిపించింది. దర్శి నుంచి మా చిన్నమ్మ, అంటే అమ్మ చెల్లెలు, కూటానికని పొద్దుటి బస్సులో వచ్చింది. గుండెలు బాదుకుంటూ వస్తోంది.

"ఓ నా తల్లో! మొన్ననే కదే ఫోన్లో నన్ను తిట్టావు! ఇంతలోనే ఏమైందే నా తల్లీ!"

గేటు దగ్గరికి పరిగెత్తాను. "ఏమైంది చిన్నమ్మా? ఎవరు పోయారు?"

"నువ్వేనే!" అని అరిచి, నన్ను చూసి, చేతిలో సంచీ కింద పడేసింది. బత్తాయిలు వాకిలంతా దొర్లాయి. రెండు చేతులతో నా భుజాలు, బుగ్గలు తడిమింది. "మరి అక్కడ నీ ఫ్లెక్సీ కట్టారేంటే ముండా?" అని, బతికున్నందుకు వీపు మీద ఒక్కటిచ్చింది.

అందరం వీధి మొదటికి పరుగు తీశాం. నిజంగానే నేను పోయాను. నీలం ఆకాశం, తెల్లటి మేఘాలు, మేఘాల్లోకి పైకి పోతున్న మెట్లు, రెండు పక్కలా పావురాలు. మెట్ల చివర, వెలుగు చక్రం మధ్యలో, కళ్ళజోడు పెట్టుకుని పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతూ నేను. పైన ఎర్ర అక్షరాలతో 'జ్ఞాపకార్థం'. అడుగున చిన్న అక్షరాల్లో మాత్రం మేం పంపిన మాటలే ఉన్నాయి. అందరూ ఆహ్వానితులే.

మా ఆయన జేబులు తడుముకుని కళ్ళజోడు తీసి పెట్టుకున్నాడు. "అయ్యో" అన్నాడు.

నాకు నవ్వు పొంగుకొస్తోంది గానీ అంతలో అమ్మ కనిపించింది. మాకంటే ముందే ఎప్పుడొచ్చిందో, ఒక కాలికి చెప్పుతో, ఇంకో కాలికి లేకుండా, ఫ్లెక్సీ ఎదురుగా నిలబడి ఉంది. తలెత్తి చూస్తోంది. పక్కకి తిరగలేదు, కొంగు అడ్డం పెట్టుకోలేదు. ఇన్నాళ్ళూ ఆవిడ భయపడిందే నిలువెత్తున కట్టించి నడివీధిలో పెట్టాం.

మా ఆయన ఫోను చెయ్యగానే ఫ్లెక్సీ షాపతను బైకు మీద వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి. హెల్మెట్ తీసి చేతిలో పట్టుకుని, ఫ్లెక్సీ వంకా నా వంకా మార్చి మార్చి చూశాడు.

"తప్పైపోయింది మేడం. కూటం అన్నారు కదండీ. ఫోటోలో తెల్ల జుట్టు చూసి, అలవాటు కొద్దీ ఆదరణ కూటం డిజైనులో పెట్టేశానండి."

పోయినవాళ్ళ కోసం మావాళ్ళు పెట్టుకునేది ఆదరణ కూటం. తెల్ల జుట్టు కనబడేసరికి అతనికి ఇంకేం తోచలేదు. నేను నోరు తెరిచేలోపు అమ్మ కదిలింది.

"ఇలా రా" అంది అతన్ని. నా గడ్డం పట్టుకుని అతని వైపు తిప్పింది. "చూడు. ఇది పోయిన మనిషి మొహమా?"

"కాదండి మామ్మగారూ."

"అలా కాదు, దగ్గరికొచ్చి చూడు. ఈ కళ్ళు చూడు. ఈ నోరు చూడు, ఎప్పుడన్నా మూతపడిందేమో ఈ వీధిలో ఎవర్నన్నా అడుగు." నా తల వంచి ఉంగరాల్లోకి వేళ్ళు పోనిచ్చింది. "ఈ జుట్టు చూసేనా నువ్వు పొరబడింది? ఉన్నదంతా పోయి, ఉత్త గుండు మిగిలితే, దాని మీద మళ్ళీ మొలిచింది నాయనా ఇది. పోయేవాళ్ళ జుట్టు కాదు, వచ్చినవాళ్ళ జుట్టు. తెల్లగా వస్తేనేం? వచ్చింది!"

అతను చూస్తున్నాడో లేదో నాకు తెలియదు. అతనికి చూపించడానికని అమ్మ చూస్తోంది. కళ్ళజోడు పక్కన, నుదుటి మీద, చెంపల మీద, ఒక్కో చోటా ఆగి ఆగి చూస్తోంది. నా గడ్డం ఇంకా ఆవిడ చేతిలోనే ఉంది. "ఎంత ముసలిదానివైపోయావే" అంది మెల్లగా. ఆ మాట అతనితో కాదు, నాతోనే.

సాక్ష్యంలో ఏడవనని పాస్టరుగారికి మాటిచ్చినదాన్ని, అక్కడ బస్సులూ లారీలూ పోయే రోడ్డు పక్కన, బడిపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చాను. షాపతను ఏం చెయ్యాలో తెలియక హెల్మెట్ మళ్ళీ పెట్టుకున్నాడు. "ఇందాక నేనేడిస్తే ఎవరు పోయారని అడిగావు, ఇప్పుడు నువ్వెందుకే ఏడుస్తావు?" అని చిన్నమ్మ సాధించింది.

ఫ్లెక్సీ విప్పి మడతపెడుతూ మా ఆయన, "అటక మీద పడేస్తే ఎప్పటికైనా పనికొస్తుందేమో" అన్నాడు.

"ఫోటో ఊడదీసుకునేలా ఉంచండి. ముందు ఎవరికి పనికొస్తుందో తెలీదుగా" అన్నాను.

అటక దాకా పోలేదది. సాయంత్రం బిర్యానీ గిన్నెల కింద బోర్లా పరిచారు. షాపతను కూడా భార్యతో వచ్చి, వెనక వరసలో కూర్చుని, భోంచేసి వెళ్ళాడు. సాక్ష్యం చెప్పడానికి లేచాను. ఏడుపు పొద్దున్నే అయిపోయింది కాబట్టి నిజమే చెప్పాను. ఆస్పత్రిలో సెలైను ఎక్కుతున్నప్పుడు అందరూ బతుకు కోసం ప్రార్థించమంటే, నేను ముసలితనం కోసం ప్రార్థించానన్నాను. కుర్చీలోంచి లేవడానికి గోడ పట్టుకునే మోకాళ్ళు కావాలని అడిగాను. కళ్ళజోడు తల మీదే పెట్టుకుని ఇల్లంతా వెతకాలని అడిగాను. ఎదురింటావిడతో ఇంకో ఇరవయ్యేళ్ళు కుళాయి దగ్గర పోట్లాడాలని అడిగాను. ఎదురింటావిడ మూడో వరసలోంచి, "నేను రెడీ" అంది. దేవుడు అన్నీ ఇవ్వడం మొదలుపెట్టాడు, మోకాళ్ళు ముందుగా ఇచ్చాడు, వందనాలు అని కూర్చున్నాను. ఆమెన్ చెప్పాలా నవ్వాలా తెలియక జనం రెండూ చేశారు. సాక్ష్యం సరిగ్గా రాలేదని బిర్యానీ దగ్గర అనుకున్నారట. అనుకోనీ.

ఆ తర్వాత కొన్ని రోజులకి, సముద్రం చూసి చాలా కాలమైందని అమ్మ అంటే, వాడరేవు తీసుకెళ్ళాను. చీరాలలో బస్సు మారాం. ఆడవాళ్ళకి టికెట్టు లేదన్నప్పటి నుంచీ బస్సుల్లో కాలు పెట్టే సందు ఉండటం లేదు. కడ్డీ పట్టుకుని నిలబడ్డాం. కాలేజీ పిల్ల ఒకతి పుస్తకాల సంచీ తీసుకుని లేచి, "కూర్చోండి మామ్మగారూ" అంది.

పిలిచింది నన్ను. పక్కనే అమ్మ, నూనె రాసి ముడేసుకున్న నల్లటి తలతో నిలబడి ఉంది. నేను భయపడి అమ్మ మొహం చూశాను.

అమ్మ నన్నే చూస్తోంది. పెదాలు బిగపట్టింది, ఆగలేదు, కడ్డీకి నుదురు ఆనించి నవ్వడం మొదలుపెట్టింది. "కూర్చో మామ్మా, కూర్చో" అంది.

"నువ్వు కూర్చోవే!"

"నన్నెవరు పిలిచారు? నేనింకా చిన్నదాన్ని."

ఆ పిల్ల కంగారుపడి, "మీ అక్కగారా అండీ?" అని అమ్మనడిగింది.

"అక్కా! నా కూతురమ్మా ఇది" అంటూ అమ్మ నా భుజం నొక్కి సీట్లో కూలేసింది. పక్కావిడ జరిగితే ఆ కాస్త చోటులో తనూ ఇరుక్కుని కూర్చుంది. తర్వాత బస్సులో వెనకాల వాళ్ళకి కూడా వినబడేట్టు చెప్పింది, "ఇదేం చూశావు? ఇంకా ముసలిదవ్వాలి ఇది. బోలెడంత ముసలిదవ్వాలి."